యాప్ తీసేసినా డబ్బులు ఆగలేదు

ప్రశ్న: మాది కావలి. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను. మా పాప నాలుగో తరగతి. పోయిన జూన్‌లో పిల్లలకు ఇంగ్లీషు నేర్పే యాప్ ఒకటి ఫోన్లో కనిపించింది. ఒక్క రూపాయి కడితే ఏడు రోజులు చూడొచ్చంటే కట్టాను. పాప రెండు రోజులు చూసి వదిలేసింది. నేనూ యాప్ తీసేసి మర్చిపోయాను. డిసెంబరు మొదట్లో పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయిస్తే నెలకు 399 రూపాయల చొప్పున ఆరుసార్లు పోయాయని తెలిసింది. మా తమ్ముడితో ఆ కంపెనీకి మెయిల్ పెట్టించాను. తమ దగ్గర రిఫండ్ ఉండదని జవాబొచ్చింది. ఆ తర్వాత కూడా రెండు నెలలు కట్ అయ్యాయి. బ్యాంకులో అడిగితే ‘మీరే పర్మిషన్ ఇచ్చారు, మాకు సంబంధం లేదు’ అన్నారు. మొత్తం 3,192 రూపాయలు. మా ఆయన పోనీలే అంటున్నారు. తప్పు నాదే కదా అని నేనూ ఊరుకుంటున్నాను. నిజంగా ఏమీ చేయలేమా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి, మిగతా జవాబు తర్వాత చదువుకోవచ్చు. మీరు పంపిన పాస్‌బుక్ పేజీ ఫొటోలో డబ్బు ప్రతి నెలా 14వ తేదీన పోయింది. అంటే వచ్చే 14న మళ్లీ పోతుంది. ఆ లోపే ఆటోపే తీసేయాలి.

ఆ రూపాయి కట్టడానికి ఏ యూపీఐ యాప్ వాడారో అదే తెరవండి. పైన మూలన మీ ఫొటో గానీ, మీ పేరులో మొదటి అక్షరం గానీ గుండ్రంగా కనిపిస్తుంది. దాన్ని నొక్కితే వచ్చే పేజీలో ఆటోపే అని ఉంటుంది. ఏ యాప్‌లో కట్టారో గుర్తులేకపోతే ఫోన్లో ఉన్న యూపీఐ యాప్‌లన్నిటిలోనూ చూడండి. ఆటోపే నొక్కగానే మీ ఖాతా నుంచి తమంతట తాము డబ్బు తీసుకునే అనుమతి ఎవరెవరికి ఉందో వరసగా వస్తుంది. అక్కడ పాప చూసిన యాప్ పేరు లేదని కంగారుపడకండి. చాలాసార్లు దాన్ని నడిపే కంపెనీ అసలు పేరు ఉంటుంది, మనం ఎన్నడూ విని ఉండం. 399 అనే అంకెను, 14వ తేదీని పట్టుకుని గుర్తించండి. దాని మీద నొక్కితే కింద రద్దు చేసే బటన్ వస్తుంది. రద్దు చేసేటప్పుడు యూపీఐ పిన్ అడుగుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పిన్ కొడితే ఇంకా డబ్బు పోతుందేమోనని భయం. ఆ పేజీలో మీ అంతట మీరు రద్దు నొక్కి కొట్టే పిన్ వల్ల డబ్బు పోదు. రద్దయినట్టు వచ్చిన స్క్రీన్‌ను ఫొటో తీసి దాచుకోండి.

ఒక్క జాగ్రత్త. అదే వరసలో మీ ఇన్సూరెన్స్ ప్రీమియమో, ఏదైనా లోను కంతో కూడా ఉండొచ్చు. కోపంలో అన్నీ తీసేయకండి. లోను కంతుకు ఇచ్చిన అనుమతి రద్దు చేసినంత మాత్రాన బాకీ పోదు, పైగా పెనాల్టీ పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. యాప్ తీసేసినా డబ్బు ఎందుకు ఆగలేదు? మన ఊళ్లలో పేపరు అబ్బాయితో పది రోజులు ఊరెళ్తున్నాం, పేపరు వేయొద్దు అంటే సరిపోతుంది. పాలవాడికైనా అంతే, వాకిట్లో నిలబడి ఒక్క మాట చెబితే చాలు. మీరు కూడా యాప్ తీసేయడమంటే అలా వద్దని చెప్పడమే అనుకున్నారు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఫోన్లోంచి యాప్ తీసేస్తే ఆ సంగతి కంపెనీకీ చేరదు, బ్యాంకుకూ చేరదు. ఆ రోజు ఒక్క రూపాయికి మీరు కొట్టిన పిన్ ఆ రూపాయితో ఆగలేదు. నెలనెలా ఇంత వరకు, ఫలానా తేదీ దాకా నన్ను అడక్కుండా తీసుకోవచ్చని రాసిచ్చిన కాగితం మీద సంతకం లాంటిది అది. దాన్నే మాండేట్ అంటారు. ఆ రోజు స్క్రీన్ మీద ఎంత, ఎన్నాళ్లకోసారి, ఎప్పటిదాకా అన్నవి ఉండే ఉంటాయి. రూపాయి పెద్ద అక్షరాల్లో, అవి సన్న అక్షరాల్లో. ఒకసారి మాండేట్ ఇచ్చాక 15,000 రూపాయల లోపు కోతలకు మళ్లీ పిన్ అడగాల్సిన పని లేదని రిజర్వు బ్యాంకు 2022 జూన్‌లో చెప్పింది. అందుకే ఎనిమిదిసార్లు పోయినా మీ ఫోన్ మిమ్మల్ని ఒక్కసారీ పిన్ అడగలేదు.

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి. డబ్బు తీసుకునే అనుమతి ఒకటి, కంపెనీ దగ్గర మీ పేరు మీద నడుస్తున్న సబ్‌స్క్రిప్షన్ ఇంకొకటి. రెండూ ఆపాలి. అనుమతి మాత్రమే తీసేస్తే డబ్బు పోవడం ఆగుతుంది గానీ, మీరు ఇంకా మా చందాదారే, బాకీ ఉన్నారు అని కంపెనీ మెసేజ్‌లు పెడుతూ ఉండొచ్చు. కంపెనీకి మెయిల్ పెట్టి అనుమతిని అలాగే వదిలేస్తే ఏమవుతుందో మీరే చూశారు. ఒకవేళ ఆ రూపాయి ప్లేస్టోర్ ద్వారా కట్టి ఉంటే, ప్లేస్టోర్‌లో మీ ఫొటో నొక్కి చెల్లింపులు, సబ్‌స్క్రిప్షన్లు అన్న చోట కూడా రద్దు చేయాలి. యాప్ తీసేస్తే అక్కడా ఆగదు. డెబిట్ కార్డు నంబరు ఇచ్చి కట్టినవాళ్లు తమ బ్యాంకు యాప్‌లోనో, నెట్‌బ్యాంకింగ్‌లోనో కార్డు మాండేట్ల పేజీ వెతుక్కోవాలి.

బ్యాంకువాళ్లు మాకు సంబంధం లేదన్నారని రాశారు. ఉంది. రిజర్వు బ్యాంకు ఈ నిబంధనలను 2019 ఆగస్టులో కార్డులకు తెచ్చి, 2020 జనవరిలో యూపీఐకి కూడా వర్తింపజేసింది. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు తెలియజేయాలి. ఎవరు తీసుకుంటున్నారు, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నవి అందులో ఉండాలి. ఆ కోత వద్దనుకుంటే ఆపుకునే దారి ఉండాలి. తీసుకున్నాక మళ్లీ మెసేజ్ రావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఖాతాదారు ఎప్పుడు కావాలంటే అప్పుడు మాండేట్‌ను వెనక్కి తీసుకోవచ్చు, అలా తీసుకున్నాక ఆ పేరు మీద ఇంకో రూపాయి కూడా పోకూడదు. అనుమతి మీరే ఇచ్చారన్నది నిజమే. అంత మాత్రాన బ్యాంకు చేతులు దులుపుకోవడానికి లేదు.

మీకు మెసేజ్‌లు రాలేదా, లేక వచ్చి మిగతావాటి కింద పడిపోయాయా అన్నది చూడాలి. మెసేజ్‌ల పేజీలో పైన వెతికే చోట మాండేట్, ఆటోపే అన్న మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. చాలామంది ఫోన్లలో రీఛార్జి ఆఫర్లు, లోను ఇస్తామన్నవాటి మధ్య ఇవి ఇరుక్కుపోయి ఉంటాయి. పైగా ఇంగ్లీషులో వస్తాయి. వచ్చి ఉంటే మీ వాదం కాస్త బలహీనపడుతుంది, ఆ మాట దాచను. రాకపోతే మాత్రం అదే పెద్ద ఆధారం. 13వ తేదీల్లో ఏమొచ్చాయో ఒక్కో నెలా చూసి కాగితం మీద రాసుకోండి.

తర్వాత మీ బ్రాంచికి తెల్లకాగితం మీద ఒక అర్జీ ఇవ్వండి. తెలుగులోనే రాయండి, ఇంత చాలు: ‘నా ఖాతా నుంచి ప్రతి నెలా 14వ తేదీన 399 రూపాయలు ఆటోపే ద్వారా పోతున్నాయి. ఈ మాండేట్ ఏ తేదీన, ఎవరి పేరు మీద, ఎంత మొత్తానికి నమోదైందో తెలపండి. ప్రతి కోతకు 24 గంటల ముందు నాకు పంపిన సమాచారం వివరాలు ఇవ్వండి. ఈ మాండేట్ ఇకపై అమల్లో లేదని రాతపూర్వకంగా ధ్రువీకరించండి.’ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోండి. స్టాంపు వేయడానికి ఒప్పుకోకపోతే వాళ్ల కస్టమర్ కేర్‌లో కంప్లయింటు పెట్టి ఆ నంబరు రాసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పైసా ఖర్చుండదు. ఎలా చేయాలో 14448కి ఫోన్ చేసి అడగొచ్చు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వకుండా నేరుగా అక్కడికి వెళ్తే తీసుకోరు, అందుకే ఆ స్టాంపు కాపీ కోసం పట్టుబట్టమంటున్నాను.

ఇక కంపెనీ సంగతి. రిఫండ్ ఉండదని వాళ్లు పంపిన ఆ మెయిల్ చూసి మీకు కడుపు మండి ఉంటుంది. దాన్ని మాత్రం పోగొట్టుకోకండి. మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం అదే. మీ మెయిల్ తమకు అందిందని, చదివామని కంపెనీయే ఒప్పుకున్న కాగితం అది. అంతా తెలిసి కూడా ఆ నెల 14న ఒకసారి, తర్వాతి నెల ఇంకోసారి తీసుకున్నారు. తమ్ముడు పంపిన మెయిల్ ఒకసారి తెరిచి చూడండి. అందులో డబ్బు వెనక్కివ్వమని మాత్రమే ఉందా, సబ్‌స్క్రిప్షన్ ఆపేయమని కూడా ఉందా? ఆపేయమన్న మాట ఒక్కటి ఉన్నా ఆ రెండు కోతల 798 రూపాయలు మీకు రావాల్సినవే, దాని మీద కంపెనీ చెప్పగలిగే సమాధానం పెద్దగా ఉండదు. ఆ మాట లేకపోతే ఈరోజే ఇంకో మెయిల్ పెట్టించండి. ఈసారి ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి పేరు మీద పెట్టాలి. ఆన్‌లైన్‌లో సరుకైనా సర్వీసైనా అమ్మే ప్రతి కంపెనీ అలాంటి అధికారిని పెట్టి, వివరాలు వెబ్‌సైట్‌లో చూపించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.

మొదటి ఆరు నెలల 2,394 రూపాయల సంగతి వేరు. అది పోరాడి తెచ్చుకోవాల్సిన డబ్బు, వస్తుందని మాట ఇవ్వలేను. అయినా మీ వైపు చట్టం ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. కొనేవాళ్లను మాయ చేసి తమకు కావలసిన బటన్ నొక్కించుకునే పద్ధతులను ఆ పేరుతో పిలుస్తారు. అందులో చెప్పిన 13 రకాల్లో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి. రద్దు చేసుకోవడం అసాధ్యంగానో, బాగా చుట్టుతిరుగుడుగానో పెట్టడం, రద్దు చేసే చోటును దాచేయడం, ఉచితంగా చూపించడానికి ఆటోపే అనుమతి తప్పనిసరి చేయడం, రద్దు చేసే విధానాన్ని అర్థంకాకుండా రాయడం – ఇవన్నీ దాని కిందికి వస్తాయి. ఉచిత గడువు అయిపోయి డబ్బు పడటం మొదలవుతోందని చెప్పకుండా వసూలు చేసుకోవడాన్ని ఇంకో రకంగా చేర్చారు. మేం రూపాయి తీసుకున్నాం కాబట్టి అది ఉచితం కాదని కంపెనీ వాదించవచ్చు. వాదించనివ్వండి. రద్దు బటన్ ఎక్కడ దాచారో, ఏడో రోజు మీకేం చెప్పారో వాళ్లు చూపించాల్సి ఉంటుంది.

తమ్ముడి ఫోన్లో ఆ యాప్ మళ్లీ తెరిచి రద్దు చేసే చోటు వెతికినప్పుడు ‘మీ అమ్మాయి భవిష్యత్తు ఇక్కడితో ఆపేస్తారా?’ అని వచ్చిందని, అది చూసి బాధేసిందని ఉత్తరం చివర్లో రాశారు. ఆ స్క్రీన్ ఫొటో కూడా చూశాను. కొనసాగించండి అన్నది పచ్చరంగులో అరచేతి వెడల్పున ఉంది. రద్దు అన్నది దాని కింద, తెల్లటి తెర మీద బూడిదరంగులో, ఫోన్‌ను కంటికి దగ్గరగా పెట్టుకుంటే తప్ప కనిపించదు. అమ్మా, ఆ ప్రశ్న మీ కోసం ఎవరో ఆలోచించి అడిగింది కాదు. రద్దు నొక్కబోయే ప్రతి తల్లికీ అదే ప్రశ్న వస్తుంది. ఇలా సిగ్గుపడేలా చేసి ఆపడం కూడా ఆ 13లో ఒకటి. ఆ ఫొటోను మీ ఆధారాల్లో పెట్టుకోండి. తప్పు నాదే అన్న మాట మాత్రం ఇంకెక్కడా రాయకండి, మీ అర్జీలో అసలే వద్దు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా నాన్నగారు కూడా అలాగే అనుకునేవారు. ఒంగోలు పక్క పల్లెటూళ్లో ఉండేవారు, బటన్ల ఫోన్. రీఛార్జి చేయించిన నాలుగు రోజులకే బ్యాలెన్సు తగ్గిపోయేది. నేనే ఎక్కువ మాట్లాడుతున్నానేమోనని మాకు ఫోన్ చేయడం తగ్గించేశారు. పండక్కి వెళ్లినప్పుడు నేను ఆయనకు ఫోన్ చేస్తే ఏదో సినిమా పాట వినిపించింది. హలో ట్యూన్. ఆయన పెట్టించుకోలేదు, ఏదో మెసేజ్ వస్తే పొరపాటున నొక్కారంతే. నెలనెలా దానంతట అదే రెన్యూ అవుతూ ఏడాది పైగా నడిచింది. 155223కి ఫోన్ చేసి ఆపించాం. ఇలాంటి సర్వీసులు ఆపడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టించిన ఉచిత నంబరు అది, మీ అత్తమామలకు బటన్ల ఫోన్ ఉంటే రాసిపెట్టండి. డబ్బు చిన్నదే. కానీ మా నాన్న మాతో మాట్లాడని ఆ నెలలు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి.

కంపెనీకి నెల గడువు అయ్యేదాకా ఆగాల్సిన పనిలేదు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు. మీ ఫిర్యాదుకు ఒక నంబరిచ్చి దాన్ని కంపెనీకి పంపిస్తారు. వాళ్లు తీర్పు ఇవ్వలేరు, డబ్బు కట్టమని ఆదేశించలేరు. అయినా, మెషిన్ జవాబులతో మిమ్మల్ని తిప్పించుకున్న కంపెనీలో అక్కడి నుంచి వెళ్లిన ఫిర్యాదును ఒక మనిషి చదువుతాడు. 399 రూపాయల లాంటి తగాదాలు ఎక్కువగా ఇక్కడే తెగడం నేను చూశాను. ఫోన్ చేసేముందు పాస్‌బుక్, రెండు మెయిళ్లు, తేదీలు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకోండి. ఎనిమిది కోతలు ఏ తేదీన ఎంతో గబగబా చెప్పగలిగితే పని సగం అయినట్టే.

అక్కడా తెగకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉందో గుర్‌గావ్‌లో ఉందో మీకు అనవసరం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, మీరే మాట్లాడుకోవచ్చు. ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. రెండేళ్ల గడువుంది కాబట్టి మొదటి కోత నుంచి లెక్కేసినా మీకు సమయం ఉంది. 3,192 రూపాయలతో పాటు మీరు పడ్డ ఇబ్బందికి పరిహారం, ఖర్చులు కూడా అడగొచ్చు. అయితే ఒకటికి నాలుగు వాయిదాలు పడతాయి, కావలి నుంచి నెల్లూరుకు వచ్చిన ప్రతిరోజూ మీ మిషన్ ఆగుతుంది. వీడియోలో హాజరవుతామని అడిగే వీలు చట్టంలో ఉంది, అడగండి. నా మటుకు నాకు, కంపెనీ ఆ 798 కూడా ఇవ్వనంటేనే కమిషన్ దాకా వెళ్లమంటాను. అప్పుడు మాత్రం తప్పకుండా వెళ్లండి.

ఇదంతా జరుగుతుండగా ఒకరోజు మీకు ఫోన్ రావచ్చు. ‘మీ రిఫండ్ వచ్చింది మేడం, మీ యాప్‌లో రిక్వెస్ట్ పంపాం, పిన్ కొట్టండి’ అంటారు. పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి దొరికిన మొదటి నంబరుకు ఫోన్ చేయొద్దు, దొంగ నంబర్లు అక్కడే పెడతారు. యాప్‌లోనో, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనో ఉన్నదే తీసుకోండి. స్క్రీన్ షేర్ చేయమన్న వాళ్లెవరినీ నమ్మొద్దు. ఒకవేళ అలా డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీ ఆయన పోనీలే అన్నది మీ మీద ప్రేమతోనే అయి ఉంటుంది, మీరు టెన్షన్ పడటం చూడలేక. ఆయనకు ఈ పేజీ చూపించండి. 3,192 రూపాయలంటే ఎన్ని జాకెట్ల కుట్టుకూలో ఆయనకు మీరే చెప్పగలరు. ఇద్దరూ కలిసి ఈ రాత్రికి ఆయన ఫోన్లో కూడా ఆటోపే పేజీ తెరిచి చూడండి. అక్కడ మీకు తెలియని పేరు ఇంకొకటి ఉంటే, అది ఎంత, ఏ తేదీ అన్నవి రాసి నాకు పంపండి. 14వ తేదీ తర్వాత మీ పాస్‌బుక్ పేజీ కూడా.